కాంగ్రెస్‌కు సహకరించాలా, కాంగ్రెస్‌తో సహకరించాలా?

సందేహం: అమెరికా వార్తల్లో ‘కొత్త అధ్యక్షుడు కాంగ్రెస్‌తో సహకరించాలి’ అని ఒకచోట, ‘కాంగ్రెస్‌కు సహకరించాలి’ అని మరోచోట రాస్తున్నారు. ఏది సరి? అధ్యక్షుణ్ని ‘రాష్ట్రపతి’ అనవచ్చా?

సమాధానం: తెలుగులో సహకరించడానికి కుదిరే విభక్తి ‘కు’. ‘పోలీసులకు సహకరించండి’ అంటాం. ‘పోలీసులతో సహకరించండి’ అంటే ఇంగ్లీషు వాసన కొడుతుంది. సంస్కృతంలో ‘సహ’ శబ్దం తృతీయా విభక్తిని, అంటే మన ‘తో’ను కోరుతుంది కదా (రామేణ సహ, ‘రాముడితో’), ‘తో’ ఎందుకు తప్పని పండితులు అడగవచ్చు. మాట అక్కడిదే, వాడుక మనది.

అయితే ఈ వాక్యంలో అసలు చిక్కు వేరే ఉంది. ‘కాంగ్రెస్‌కు సహకరించాలి’ అంటే పని కాంగ్రెస్‌ది, అధ్యక్షుడు పక్కనుండి సాయపడేవాడు అని అర్థం వస్తుంది. అమెరికాలో కాంగ్రెస్ అంటే చట్టసభ, అక్కడ పని ఇద్దరిదీ. కాంగ్రెస్ ఉభయసభలూ ఆమోదించిన బిల్లు అధ్యక్షుడి దగ్గరకు వెళ్లాలి. ఆయన అభ్యంతరాలు రాసి, ఆదివారాలు మినహా 10 రోజుల్లోగా తిప్పిపంపితే, రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు పడితేనే అది చట్టమవుతుంది. ఇలా ఒకరి పని మరొకరి చేతిలో ఉన్నప్పుడు క్రియకు ‘కొను’ చేర్చడం మన పద్ధతి. కొట్టారు–కొట్టుకున్నారు, తిట్టారు–తిట్టుకున్నారు చూడండి. అలాగే ‘అధ్యక్షుడూ కాంగ్రెసూ సహకరించుకోవాలి’. ముందు ‘పరస్పరం’ తగిలించనక్కర్లేదు, ఆ పని ‘కొను’ చేస్తోంది. ‘తో’ను వదలలేకపోతే క్రియను మార్చండి: ‘కాంగ్రెస్‌తో కలిసి పనిచేయాలి’. సభలో ఎదుటి పార్టీదే మెజారిటీ అయితే ‘సయోధ్య’ బాగా అతుకుతుంది. ‘పొత్తు’ మాత్రం వద్దు, అది ఎన్నికల మాట.

‘రాష్ట్రపతి’ మన రాజ్యాంగ పదవికి స్థిరపడిన పేరు. పైగా 79వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి పార్లమెంటులో భాగం. అమెరికాలో అధ్యక్షుడు వేరు, కాంగ్రెస్ వేరు. కాబట్టి ‘అధ్యక్షుడు’ అనే రాయండి. కాంగ్రెస్ అనగానే మనవాళ్లకు పార్టీ గుర్తొస్తుంది కనుక మొదటిసారి ‘అమెరికా కాంగ్రెస్’ అనాలి. ‘శాసనసభ’ అంటే హైదరాబాదు, అమరావతి అసెంబ్లీలు మెదులుతాయి, ‘చట్టసభ’ నయం.

ఇదే వార్తల్లో మరో పొరపాటు కనిపిస్తుంటుంది. కొత్త అధ్యక్షుడు విదేశాంగ మంత్రి పేరు ప్రకటించగానే ‘నియమించారు’ అని రాసేస్తారు. కాంగ్రెస్ ఎగువసభ అయిన సెనేట్ ఆమోదించేదాకా అది ప్రతిపాదనే; ‘నామినేట్ చేశారు’ అన్నా చాలు. ‘చట్టంపై సంతకం చేశారు’ అనడమూ అంతే. సంతకం పడేది బిల్లుపైన.