సందేహాలు – సమాధానాలు: ‘కనిష్ఠ చొరబాటు’ అనవచ్చునా?

సందేహం: తుంటికి చిన్న కోతతో చేసే శస్త్రచికిత్సలు ఎక్కువవుతున్నకొద్దీ వాటిని గురించిన తెలుగు రాతలూ పెరుగుతున్నాయి. కొందరు ఇంగ్లీషులోని ‘మినిమల్లీ ఇన్వేసివ్’ను మాటకు మాటగా తెచ్చి ‘కనిష్ఠ చొరబాటు తుంటి ఎముక మార్పిడి’ అనీ, కొందరు ‘స్వల్పకోత తుంటి మార్పిడి’ అనీ రాస్తున్నారు. ఏది సాధువు?

సమాధానం: మొదటి ప్రయోగంలో ఏ పదమూ కుదురుగా లేదు. ‘చొరబాటు’ అంటే అనుమతి లేకుండా లోనికి దూరడం. సరిహద్దు దాటే శత్రువుకు తగిన ఆ మాట రోగి సమ్మతితో కత్తి పట్టే వైద్యునికి తగదు. సంస్కృతంలో ‘అల్ప’ శబ్దానికి ‘అన్నిటికంటె’ అనే అర్థాన్నిచ్చే ఇష్ఠన్ ప్రత్యయం చేరినప్పుడు ‘అల్ప’కు బదులు ‘కన్’ వచ్చి ‘కనిష్ఠ’ ఏర్పడుతుంది కనుక దానికి ‘అన్నిటికంటె తక్కువైన’ అని అర్థం. పూర్వపద్ధతిలో సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్లుండే కోత 10 సెంటీమీటర్లకు అటూ ఇటూగా తగ్గినంత మాత్రాన దానిని కనిష్ఠమనడం అత్యుక్తి.

‘తుంటి ఎముక మార్పిడి’లోనిది భావదోషం. తొడ ఎముక పైకొసనుండే గుండ్రని తలను తీసి దాని స్థానంలో కృత్రిమమైన బంతిని, అది ఇమిడే గుంటలో గిన్నెవంటి తొడుగును అమరుస్తారు. తుంటి ఎముక తన చోటనే ఉంటుంది, మారేది కీలు. కాబట్టి ‘తుంటికీలు మార్పిడి’ అనాలి. సంక్షేపంగా ‘తుంటి మార్పిడి’ అన్నా చెల్లుతుంది. (తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయనే సామెత ఉన్న భాషలో ‘హిప్’ అని రాయవలసిన అగత్యమైతే లేదు.)

‘స్వల్పకోత’ అర్థం చెడని మాటే. సు, అల్ప కలిసి ‘స్వల్ప’ అయింది. అయితే సంస్కృత విశేషణాన్ని తెలుగు ‘కోత’తో నేరుగా సమసింపజేయడాన్ని లాక్షణికులు (వ్యాకరణవేత్తలు) దోషంగా ఎంచి వైరిసమాసమన్నారు. నేటి వాడుకలో ఆ పట్టింపు సడలినా, ‘చిరునవ్వు’, ‘చిరుజల్లు’ వలె ‘చిరుకోత’ అనే అచ్చతెలుగు సమాసం చేతికి అందుతుండగా దానిని వదలడమెందుకని నా అభిప్రాయం.

ఒక్క చిక్కు మిగిలింది. ‘చిరుకోత’ చర్మంపై గాయం పొడవునే చెబుతుంది. తొడ ముందువైపు నుంచి, కండరాలను తెంచకుండా వాటి నడుమ సందులోనుంచి కీలును చేరే పద్ధతిలోని విశేషం ఆ మాటలో ఇమడదు. చిరుకోతతో చేసినా కొన్ని పద్ధతులలో కండరాన్ని కొంత కోయక తప్పదు. ఈ తేడా తెలపదలచినప్పుడు కొత్త సమాసం కూర్చకుండా, ‘కండరాలను కోయకుండా పక్కకు జరిపి చేసిన తుంటికీలు మార్పిడి’ అని విడమరచి రాయడమే మేలు.