చిత్రకళ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ పోర్ట్రెయిట్లలో ముఖమంతా పది కుంచె దెబ్బల్లో తేలిపోయినట్టుంటుంది. నేను తడి మీద తడిగా, అంటే కింది రంగు ఆరకముందే, ఆయిల్ రంగు వేస్తే చెంపలు, ముక్కు కలిసిపోయి బురదవుతోంది. లోపం ఎక్కడ?
(ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: మీరు బహుశా కళ్లతోనో పెదవులతోనో మొదలుపెడుతున్నారు. సార్జెంట్ వాటి జోలికి ఆలస్యంగా వెళ్లేవాడు. 1874లో పారిస్‌లో చిత్రకారుడు కరోలస్-డ్యురాన్ దగ్గర శిష్యుడిగా చేరినప్పుడు అలవడిన పద్ధతి అది. ముందు బొగ్గుతో తల ఎక్కడుండాలో కాసిని గీతలు. తర్వాత తల వెనక రంగు. ఆపైన ముఖమంతటికీ వెలుగూ నీడా కాని మధ్య ఛాయ, వెడల్పు కుంచెతో. కళ్ల గుంటలు, ముక్కు కింది నీడ ఆ తడిలోకే దిగాలి. ముక్కు కొన మీద మెరుపు అన్నిటికన్నా ఆఖరున. పెట్టాక మళ్లీ ముట్టుకోవద్దు.

ఇక బురద సంగతి. పిసినారిగా పలచగా పూసిన రంగు మీద మరోటి వేస్తే కిందది లేచొచ్చి కలిసిపోతుంది. పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద రంగు ధారాళంగా పెట్టుకోమనేవాడాయన. ట్యూబు ఖరీదు చూసి చెయ్యి వెనక్కి పోవడం సహజమే, కానీ ఈ పద్ధతిలో అది కుదరదు. దెబ్బ దెబ్బకీ కుంచెను గుడ్డకు తుడవండి.

కూర్చుని వేయకండి. ఆయన ఈజిల్‌ను (బొమ్మ నిలబెట్టే స్టాండును) ఎదుట కూర్చున్న మనిషి పక్కనే నిలబెట్టి, వెనక్కి నడిచి రెండింటినీ ఒకే చూపులో పోల్చుకుని, ముందుకొచ్చి కుంచె పెట్టేవాడు. తల కుదరకపోతే అతుకులేసేవాడు కాదు, గీకేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఎడింబరోలో ఉన్న 'లేడీ ఆగ్న్యూ' (1892) పోర్ట్రెయిట్ ఆరు సిట్టింగుల్లో, అంటే ఆమె వచ్చి ఆరుసార్లు కూర్చునేసరికి, అయిపోయింది గానీ అన్ని బొమ్మలూ అంత సులువుగా లొంగలేదు.

ప్రశ్న: సార్జెంట్ వేసిన 'మేడమ్ ఎక్స్' పోర్ట్రెయిట్లో గౌను భుజం పట్టీ తర్వాత మార్చిందేనా?

జవాబు: అవును. 1884లో పారిస్ సలోన్ అనే పెద్ద కళాప్రదర్శనలో పెట్టినప్పుడు కుడి పట్టీ భుజం మీంచి జారి ఉండేది. పేరు రాయకపోయినా ఆమె పారిస్ ఉన్నత వర్గాల్లో పేరున్న వర్జినీ గోత్రో అని జనం పోల్చేశారు. రచ్చయింది. బొమ్మ తీసేయమని ఆమె తల్లి పట్టుబట్టినా సార్జెంట్ వినలేదు. ప్రదర్శన ముగిశాక పట్టీని భుజం మీదికి ఎక్కించి వేశాడు. 1916లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి 1,000 పౌండ్లకు అమ్మాడు.

ప్రశ్న: సార్జెంట్ పోర్ట్రెయిట్లు ఎందుకు మానేశాడు?

జవాబు: విసుగు. లండన్ సంపన్నులు ఎగబడుతున్న రోజుల్లోనే, 1907లో, ఆయిల్ పోర్ట్రెయిట్ల ఆర్డర్లు దాదాపు ఆపేశాడు. అడిగినవాళ్లకు బొగ్గుతో తల మాత్రం గీసిచ్చేవాడు. అది ఒక్క సిట్టింగులో అయిపోయేది.