ఏటేటా మారే పుస్తకాల ఇష్టం: తొమ్మిదో తరగతి అమ్మాయి గురించి ఒక తల్లికి సమాధానం

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అమ్మాయి ఇంగ్లిషు మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. అయిదో తరగతి వరకు వాళ్ల నానమ్మ దాచుకున్న పాత చందమామ సంచికలు ఆవిడ పక్కన కూర్చుని చదివేది. ఆరు, ఏడు తరగతుల్లో డిటెక్టివ్ కథలు తప్ప మరొకటి ముట్టలేదు. ఎనిమిదిలో పుస్తకం పట్టడమే మానేసింది. ఇప్పుడు పేపర్లో కోర్టు తీర్పుల వార్తలు వెతుక్కుని చదువుతోంది, చరిత్ర పుస్తకాలు కొనమంటోంది. ఇలా ఏటా మారిపోవడం నిలకడ లేకపోవడమేనా? పాఠ్యపుస్తకాలు తప్ప మిగతావన్నీ కట్టిపెట్టించి ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిద్దామని, ఇంటర్‌లో ఎంపీసీ ఇప్పిద్దామని వాళ్ల నాన్నగారి ఆలోచన. మీరేమంటారు?

సమాధానం: అమ్మా, మీ అమ్మాయికి నిలకడ లేదని మీరు రాసిన వివరాలను బట్టి నాకు అనిపించలేదు. పిల్లలు చదివే పుస్తకాలు వయసుతో పాటు మారతాయి, మారాలి కూడా. పెద్దలు కనిపెట్టి చూడవలసింది పుస్తకం పేరును కాదు. ఆ పుస్తకంతో బిడ్డ ఎంతసేపు కూర్చోగలుగుతోంది, లేచాక అందులోని విషయాన్ని తన మాటల్లో చెప్పగలుగుతోందా అన్న రెండు సంగతులను.

మూడు, నాలుగు తరగతుల దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆ తరువాత నేర్చుకోవడానికి చదువుతారు. ఈ మలుపు దగ్గర పక్కన ఒక పెద్ద మనిషి ఉండి, తెలియని మాటకు అర్థం చెప్పి, కథ ఆగిన చోట "తరువాత ఏమవుతుందంటావు?" అని అడిగితే ఆ బిడ్డకు అక్షరం భారంగా తోచదు. మీ అత్తగారు ఆ పని చేశారు. ఇంగ్లిషు మీడియం పిల్లల్లో చాలామందికి తెలుగు చదువు ఒక పాఠ్యపుస్తకంతోనే ముగిసిపోతున్న ఈ రోజుల్లో అది చిన్న భాగ్యం కాదు.

ఆరు, ఏడు తరగతుల్లో ఒకే రకం కథలను వరుసగా చదవడం చూసి తల్లిదండ్రులు కంగారుపడతారు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో అట్టలు ఊడిపోయిన డిటెక్టివ్ నవలలు ఒక బీరువా నిండా ఉండేవి. వాటిని లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని ఆ ఏడాదంతా చదివాను. ఆ చదువు వృథా పోలేదని ఇన్నేళ్ల ఉద్యోగం తరువాత నమ్మకంగా చెప్పగలను. ఒకే తరహా కథల్లో అవే మాటలు, అదే వాక్యాల నడక పదేపదే ఎదురవుతాయి కాబట్టి చదివే వేగం తెలియకుండానే పెరుగుతుంది. ఒక పేజీలో చెప్పిన చిన్న వివరాన్ని నూరు పేజీల తరువాత గుర్తు తెచ్చుకోవడం అలవాటవుతుంది. రేపు ఏ పోటీ పరీక్షకు కూర్చున్నా పనికి వచ్చేవి ఈ రెండే.

ఎనిమిదిలో ఆగిపోవడం గురించి మీరు ఎక్కువగా బాధపడినట్టున్నారు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది అక్కడే ఆగుతారు. సిలబస్ ఒక్కసారిగా బరువెక్కుతుంది, స్నేహితుల మాట ఇంట్లోవాళ్ల మాట కంటే పెద్దదవుతుంది, ఫోను చేతికి వస్తుంది. వీటికి తోడు ఆ వయసుకు తగిన పుస్తకం దొరకదు. చిన్నపిల్లల కథలు చప్పగా ఉంటాయి, పెద్దల నవలలు కొరుకుడు పడవు. పదమూడు, పద్నాలుగేళ్లవారి కోసం తెలుగులో రాసినవి మరీ తక్కువ. మీ అమ్మాయి ఒక ఏడాదిలోనే మళ్లీ పుస్తకం దగ్గరకు వచ్చిందంటే పునాది గట్టిదే.

ఇక్కడ మీ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటి చెప్పాలి. చందమామలోని బేతాళ కథ ప్రతిసారీ ఒక ప్రశ్నతో ఆగుతుంది: వీరిలో ఎవరు చేసింది న్యాయం, ఎందుకు? విక్రమార్కుడు కారణం చూపించి మరీ జవాబు చెప్పాలి. డిటెక్టివ్ కథలో ఆధారాలను బట్టి తప్పు ఎవరిదో తేల్చాలి. కోర్టు తీర్పులోనూ జరిగేది అదే. బయటికి మూడు వేర్వేరు ఇష్టాల్లా కనిపిస్తున్నా, లోపల ఒకే కుతూహలం ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిందేమోనని నాకు అనిపిస్తోంది. అంతమాత్రాన ఈ అమ్మాయి లాయరు కావలసిందేనని నేను అనను. పద్నాలుగేళ్ల వయసులో ఇష్టాన్ని చూసి వృత్తిని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. అయితే ఆ ఇష్టాన్ని కట్టిపెట్టించడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఇటీవల ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకరు న్యాయవిద్య గురించి అడగడానికి వచ్చింది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్ల. ఒక పేజీ ఇంగ్లిషు వ్యాసం ఇచ్చి చదవమన్నాను. నాలుగో వాక్యం దగ్గర పెన్సిల్ ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది, మరోసారి చదివింది. అర్థం తెలియని మాట అందులో ఒక్కటీ లేదు. వాక్యం పొడుగ్గా ఉంది, అంతే. రెండున్నరేళ్లుగా ప్రశ్నలూ ఆప్షన్లూ తప్ప మరేమీ చదవలేదని ఆ అమ్మాయే చెప్పింది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం సుమారు 450 పదాల పాఠ్యభాగాలను చదివి జవాబు రాయవలసినవే. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో 250 మార్కుల వ్యాసాల పేపరు ఉంది. ఇలాంటి చదువు ఆరు నెలల కోచింగుతో అబ్బేది కాదు, స్కూలు రోజుల్లోనే అలవాటు కావాలి.

ఇక గ్రూపు సంగతి. మీవారి ఆలోచనలో నిజం లేకపోలేదు. ఎంపీసీ చదివినవారు క్లాట్ రాయవచ్చు, డిగ్రీలో చరిత్రో ఆర్థికశాస్త్రమో తీసుకోవచ్చు. హెచ్‌ఈసీ (చరిత్ర, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం), సీఈసీ (కామర్స్, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం) చదివినవారికి మాత్రం ఇంజనీరింగ్ దారి ఉండదు. కాబట్టి లెక్కలంటే ఆమెకు ఇష్టముంటే ఎంపీసీ తప్పు కాదు. నా అభ్యంతరమల్లా ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లతో నింపేసే కాలేజీల గురించే. అక్కడ రెండేళ్లు గడిపితే దారులన్నీ కాగితం మీద తెరిచే ఉంటాయి, నడిచే ఓపిక మాత్రం మిగలదు. లెక్కలంటే ఇష్టం లేకపోతే హెచ్‌ఈసీ గాని సీఈసీ గాని చిన్నతనంగా భావించకండి. హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు క్లాట్ ర్యాంకును బట్టి వస్తుంది గాని ఇంటర్ గ్రూపును బట్టి కాదు.

ఇప్పటికి మీరు చేయవలసింది కొద్దిగానే ఉంది. రాత్రి భోజనం తరువాత అరగంట ఆమె ఇష్టమైనది చదువుకోనివ్వండి. ఆ అరగంట ఫోను మీ దగ్గరే కాదు, మీవారి దగ్గర కూడా ఉండకూడదు. చదివినదాని మీద ప్రశ్నలు అడిగి దాన్ని మరో పరీక్షగా మార్చకండి. మీ ఊరి గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి, పుస్తకాలు ఆమెనే ఎంచుకోనివ్వండి. సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలు ఉన్నాయి. చిన్నది ఒకటి ప్రింటు తీసి ఇచ్చి చూడండి. పది పేజీలు ఓపికగా చదివి, ఎవరు ఏమి వాదించారో నానమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే అది ఈ వయసులో మామూలు విషయం కాదు. విసుగు పుట్టి పక్కన పెట్టేస్తే బలవంతం చేయవద్దు, వచ్చే ఏడాది ఇష్టం మరోవైపు తిరగవచ్చు.

పదో తరగతి పరీక్షలు అయ్యాక వచ్చే వేసవిలో ఆమె ఏయే పుస్తకాలు చదివిందో, వేటిని సగంలో వదిలేసిందో రాసిపెట్టండి. కాలేజీలో చేర్చే ముందు ఆ జాబితాతో పాటు లెక్కల మార్కులు కూడా నాకు పంపండి. గ్రూపు గురించి అప్పుడు, ఆమెను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందాం.