ఇష్టం ఫిజిక్స్, భయం బయాలజీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఇంట్లో ఇంజినీరింగ్ అంటున్నారు, నాకేమో తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఫిజిక్స్ చదవాలనుంది. కానీ ఎంట్రన్స్‌లో బయాలజీ కూడా ఉంటుందట. పదో తరగతి తర్వాత ఆ పుస్తకం తెరవలేదు. ఆశ వదులుకోవాలా?
- విద్యార్థిని, ఏలూరు

జవాబు: అక్కర్లేదు. ఏడు ఐసర్‌లకూ కలిపి ఐఏటీ (ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) ఒక్కటే పరీక్ష. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీల నుంచి తలా 15, మొత్తం 60 ప్రశ్నలు, మూడు గంటలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. బయాలజీని పూర్తిగా వదిలేస్తే 240లో 60 మార్కులు పరీక్ష హాల్లోకి వెళ్లకముందే పోయినట్టు. అలాగని బైపీసీ వాళ్లతో సమానంగా చదవాల్సిన పనీ లేదు.

ఎంపీసీ వాళ్లు ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి బయాలజీ మొదటి పేజీ నుంచి పట్టుకుంటారు. జీవుల వర్గీకరణ దగ్గరే విసుగొచ్చి మూసేస్తారు. మీరు 12వ తరగతి జన్యుశాస్త్రంతో మొదలుపెట్టండి. 9:3:3:1 నిష్పత్తి, రక్త గ్రూపులు, వర్ణాంధత్వం లెక్కలు చాలావరకు సంభావ్యతే, అది మీకు వచ్చిన విద్యే. తర్వాత డీఎన్‌ఏ నుంచి ప్రొటీన్ దాకా, ఆపైన కణం. జీవాణువులు (బయోమాలిక్యూల్స్) ఎలాగూ కెమిస్ట్రీలో ఉన్నాయి. మొక్కల భాగాల పేర్లు చివరికి ఉంచండి, టైము లేకపోతే వదిలేయండి.

ఇంకో దారి నెస్ట్ అనే ఎంట్రన్స్. భువనేశ్వర్‌లోని నైసర్, ముంబయిలోని సీఈబీఎస్ అనే సైన్స్ సంస్థలకు ఆ పరీక్ష. నాలుగు సబ్జెక్టుల్లో మీకు బాగా వచ్చిన మూడింటినే మెరిట్‌కు లెక్కిస్తారు కాబట్టి బయాలజీ బెడద ఉండదు. ఒక జాగ్రత్త: 2024 నుంచి ఐసర్‌లు జేఈఈ ర్యాంకుతో సీటు ఇవ్వడం లేదు. ఐఏటీకి విడిగా దరఖాస్తు పెట్టాల్సిందే.

ప్రశ్న: మాక్ టెస్టులో ఒక వారం 110, మరుసటి వారం 85. చదువు మాత్రం తగ్గలేదు. ఎందుకిలా?
- విద్యార్థి, నల్గొండ

జవాబు: గుడ్డిగా ఎన్ని పెడుతున్నారో చూసుకోండి. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 అయితే, నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు 20 గుడ్డిగా పెడితే సగటున వచ్చేది 5 మార్కులే. ఒకరోజు 8 తగిలితే 20 వస్తాయి, ఇంకోరోజు 3 తగిలితే మైనస్ 5. అంటే 25 మార్కుల తేడా అదృష్టానిదే, అందులో మీ చదువు ప్రమేయం లేదు. రాసేటప్పుడే ప్రతి ప్రశ్న పక్కన ‘తెలుసు’, ‘అనుమానం’, ‘గుడ్డి’ అని గుర్తు పెట్టి, మూడింటి మార్కులూ వేరుగా వేయండి. ‘తెలుసు’ అన్నవాటిలో తప్పులు పెరిగితేనే కంగారుపడాలి.

ప్రశ్న: ఇంట్లో మీటరు దారానికి రాయి కట్టి లోలకంతో g (గురుత్వ త్వరణం) కొలిస్తే 9.8 రావాల్సింది 10.9 వచ్చింది. ఎక్కడ పోయింది?
- విద్యార్థి, అనకాపల్లి

జవాబు: లెక్కపెట్టడంలో పోయి ఉండాలి. రాయి వదులుతూ వాచీ నొక్కి ‘ఒకటి’ అని మొదలుపెడితే, ‘ఇరవై’ అనేసరికి అయ్యేవి 19 డోలనాలే. దాదాపు 38 సెకన్లను 20తో భాగిస్తే 1.9 వస్తుంది, కావాల్సింది 2. సూత్రంలో కాలానికి వర్గం ఉంది కాబట్టి 5 శాతం తప్పు g దగ్గరికి వచ్చేసరికి పది దాటుతుంది. ‘సున్నా’తో మొదలుపెట్టండి.

పొడవును ముడి దాకా కాదు, రాయి మధ్య దాకా కొలవాలి. అక్కడ 2 సెంటీమీటర్లు పోతే g 2 శాతం తగ్గుతుంది. దారం సాగేది కాకూడదు, ఊపు పది డిగ్రీలు దాటకూడదు. రాయి బదులు పెద్ద ఇనప నట్టు కడితే మధ్య ఎక్కడుందో సులువుగా తెలుస్తుంది. ఈసారి 9.7, 9.9 మధ్య రావాలి.