అక్రిలిక్ మీద ఇంకు కొట్టే ముందు

అమ్ములూ,

ఉద్యోగం మానేసి కూకట్‌పల్లిలో గది తీసుకున్నావనీ, అక్రిలిక్ నేమ్‌ప్లేట్ల మీద ఆల్కహాల్ ఇంకు స్ప్రే చేస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా పని ఒకరు అందుకుంటున్నారని ఎంత సంతోషమో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకు పలచన చేసే, తుడిచే ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) మొదలుపెట్టు. 99 శాతంది కొను. చవకగా దొరికే స్పిరిట్ వద్దు, అందులో మిథనాల్ ఉండొచ్చు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, కళ్ళు తీసేస్తుంది. వానాకాలంలో ఇంకు తెల్లబారితే అది తొందరగా ఆరుతోందని అర్థం. ఆరేటప్పుడు పైపొర చల్లబడి గాలిలో తేమను పట్టేస్తుంది. మెథాక్సీ ప్రొపనాల్ అనే మెల్లగా ఆవిరయ్యే ద్రావకం కొద్దిగా కలుపు, నిదానంగా ఆరుతుంది. ఎక్కువైతే ఇంకు కారిపోతుంది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ ఆర్డర్లు ఇప్పుడే ఒప్పుకోకు. దాని మీద ముందు మంటో, కరెంటుతో చేసే కరోనా ట్రీట్‌మెంటో పడితేగానీ ఇంకు నిలవదు.

ఇక అక్రిలిక్. బాలానగర్‌లో నా షాపుండగా ఒక ఆసుపత్రికి 60 బోర్డులు చేశాం. లేజర్‌తో కోసి, వేడి చేసి ఎల్ ఆకారంలో వంచినవి. ఐపీఏతో తుడిచి ఇంకు కొట్టాం. సాయంత్రానికి అద్దాల్లా మెరిశాయి. పొద్దున వచ్చి చూస్తే వంపుల దగ్గర, అంచుల వెంట వెంట్రుకల్లాంటి పగుళ్లు. థిన్నర్‌తో తుడిచావు కదరా అని నా దగ్గర పనిచేసే కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టాను. "లేదు సార్" అని ఒక్కసారే అన్నాడు. వారం తర్వాత పనిలోకి రావడం మానేశాడు.

నెలకి, మిగిలిపోయిన వంచిన ముక్క ఒకటి నేనే ఐపీఏతో తుడిచాను. నా కళ్ళ ముందే చిట్లింది. కోసినప్పుడు, వంచినప్పుడు షీటులో బిగువు ఉండిపోతుంది. ఆల్కహాల్ తగిలితే షీటు అక్కడే పగులుతుంది. 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఓవెన్‌లో పెట్టి, అందులోనే మెల్లగా చల్లారనిస్తే ఆ బిగువు పోతుంది. నాకు తెలియలేదు. ఆ పిల్లాడి గదికి వెళ్ళాను, అప్పటికే ఖాళీ చేసి ఊరెళ్ళిపోయాడు. ఆ "లేదు సార్" ఇప్పటికీ వినిపిస్తుంది తల్లీ. అందుకే చెబుతున్నా, కొత్త షీటు వచ్చిన ప్రతిసారీ ఒక ముక్క కోసి, వంచి, నీ ఇంకు రాసి ఒక రోజు వదిలెయ్. అచ్చులో పోసి చేసిన కాస్ట్ షీటే అడుగు. రేపు నీ దగ్గర ఎవరైనా చేరితే, తిట్టే ముందు ఆ ముక్క చూడు.

అన్నిటికంటే నా భయం వేరే. షాపు తెరవగానే దేవుడికి దీపం పెట్టడం మన అలవాటు. ఐపీఏ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, మన ఊళ్ళో దాదాపు ఏడాదంతా అంతకంటే వేడే. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీదుగా పాకుతుంది. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోటారు నిప్పురవ్వ చాలు. ప్లాస్టిక్‌ను పొడిగుడ్డతో రుద్దినా రవ్వ పుడుతుంది. స్పార్క్ రాని ఫ్యానే పెట్టించు. నీ ఊపిరి కోసం గుడ్డ మాస్కు పనికిరాదు, ఇలాంటి ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు నేనే కొని పంపుతా.

ఈ రోజే గది ఫొటో పంపు. దేవుడి గూడు ఎక్కడుందో కనిపించేలా తియ్యి.

మీ మావయ్య