కాల్షియం మాత్రలతో క్లోమం చురుకవుతుందా?

కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజ అయాన్లు క్లోమంలో ఎంజైముల స్రావాన్ని పెంచుతాయట కదా, అలాగైతే అరుగుదల కోసం మాత్రలు వేసుకోవచ్చా అని అడిగారు. మొదటి మాట కాల్షియం వరకు నిజం. రెండో దానికి నా సమాధానం "వద్దు". కారణం మన పాఠ్యపుస్తకాల్లో దొరకదు, అవి క్లోమాన్ని పురికొల్పే సెక్రెటిన్, కొలిసిస్టోకైనిన్ అనే రెండు హార్మోన్ల పేర్లు బట్టీ పట్టించి వదిలేస్తాయి. ఆ హార్మోను కణాన్ని చేరాక ఏం జరుగుతుందన్నది పరీక్షలో రాదు కనుక ఎవరూ చెప్పరు.

నేను జీవరసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదివేటప్పుడు ఎలుక క్లోమంతో ఒక ప్రయోగం చేయించారు. ఎలుకలో క్లోమం మనలో ఉన్నట్టు ఒక ముద్దగా ఉండదు, ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) వంపులో కొవ్వుతో కలిసిపోయి పలుచగా పరుచుకొని ఉంటుంది. చల్లని ఉప్పునీటిలో వేస్తే కొవ్వు పైకి తేలుతుంది, క్లోమం ముక్కలు అడుగుకు చేరతాయి. ఆ ముక్కలను రక్తద్రవాన్ని పోలిన లవణ ద్రావణంలో, 37 డిగ్రీల వేడిలో, ఆక్సిజన్ బుడగలు పంపుతూ ఉంచి, నాడుల నుంచి వెలువడే ఎసిటైల్ కోలిన్ లాగా పనిచేసే కార్బకోల్ కలిపాం. ఆ ద్రవాన్ని కొద్దికొద్దిగా తీసి గంజిలో కలిపి అయోడిన్ వేస్తే, గంజిని అరిగించే ఎంజైము అమైలేజ్ బయటికి వచ్చినకొద్దీ నీలిరంగు పలచబడుతూ వచ్చింది. తరువాత కాల్షియం లేని ద్రావణంలో, మిగిలిన జాడను సైతం పట్టేసే ఈజీటీఏ వేసి, మళ్లీ అదే చేశాం. స్రావం మొదట కాసేపు సాగి, ఆపై ఆగిపోయింది.

మా గురువుగారు అక్కడ ఒక మెలిక పెట్టారు. అమైలేజ్ తానే కాల్షియం లేనిదే సరిగా పనిచేయదు గదా, మరి నీలిరంగు నిలిచింది స్రావం ఆగినందువల్లా, వచ్చిన ఎంజైము చచ్చుబడినందువల్లా అని నిలదీశారు. (అమైలేజ్ పరీక్షకు, కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ ఉండే ఊదారంగు మూత గొట్టంలో రక్తం తీయకూడదనడానికీ కారణం ఇదే.) రంగు చూసే చివరి గొట్టాలన్నింటిలో కాల్షియం అదనంగా కలిపి చూపించాం, ఫలితం మారలేదు. ముక్కలున్న ద్రావణంలో కాల్షియం తిరిగి చేర్చినప్పుడు మాత్రం స్రావం మళ్లీ మొదలైంది.

ఆ మొదటి కాసేపటి స్రావానికి ఆధారం కణం లోపలి పొరల వల అయిన అంతర్జీవ ద్రవ్యజాలంలో నిల్వ ఉన్న కాల్షియం. ఆ నిల్వను విడుదల చేయించేది ఐపీ3 అనే చిన్న అణువని 1983లో తేల్చింది కూడా ఎలుక క్లోమ కణాల్లోనే. నిల్వ అడుగంటాక బయటి కాల్షియం లోపలికి రావాలి. విశ్రాంతిలో ఉన్న కణంలో స్వేచ్ఛా కాల్షియం బయటికంటే సుమారు పదివేల రెట్లు తక్కువ కాబట్టే, రెండు ధనావేశాలున్న ఈ అయాను కాస్త పెరిగినా కణానికి అది కబురుగా అందుతుంది, ఎంజైము రేణువులు కణం కొనన ఉన్న త్వచంతో కలిసి నాళంలోకి తెరుచుకుంటాయి. ఆ వెంటనే పంపులు కాల్షియాన్ని తోడేస్తాయి. మెగ్నీషియం సాధారణంగా ఈ పనికి అడ్డుపడే రకం. సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్‌ల ప్రమేయం ఎక్కువగా క్లోమరసంలోని నీటితోనూ, దాని క్షారత్వంతోనూ.

ఇక మాత్రల సంగతి. రక్తంలో కాల్షియాన్ని పారాథైరాయిడ్ గ్రంథులు డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే పట్టి ఉంచుతాయి కనుక, మింగిన మాత్ర క్లోమ కణానికి కొత్త కబురేమీ మోసుకుపోదు. ఆ హద్దు దాటితే మేలు కాదు, ముప్పు. పారాథైరాయిడ్ గడ్డల వల్లనో, మోకాళ్ల నొప్పులకని రక్తపరీక్ష లేకుండా వరసబెట్టి వేయించుకునే విటమిన్ డి సూదుల వల్లనో కాల్షియం బాగా పెరిగినవారిలో కొందరికి క్లోమం వాస్తుంది. కణంలో కాల్షియం దిగకుండా నిలిచిపోతే, పేగులో మేల్కొనవలసిన ట్రిప్సినోజెన్ కణంలోనే, మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్‌గా మారి, ఆ కణాన్నే అరిగించడం మొదలుపెడుతుంది.

క్లోమంలో రాళ్లున్నవారికి పాలు, పెరుగు మానమని బంధువులు చెప్పే సలహా నాకు ఒళ్లుమండిస్తుంది. ఆ రాళ్లు ప్రధానంగా కాల్షియం కార్బొనేటే, కానీ పెరుగు మానితే కరగవు. ఇలాంటి రాళ్లు ఏర్పడే, మన ప్రాంతాల్లో కనిపించే ఉష్ణమండల క్లోమవ్యాధికీ, ట్రిప్సిన్‌ను అదుపుచేసే స్పింక్1 జన్యువులోని మార్పులకూ సంబంధం ఉందని హైదరాబాద్ పరిశోధకులు 2002లోనే చూపారు. అలాంటి రోగి పథ్యం వైద్యుణ్ణి అడిగి పెట్టాలి గాని, కూడలిలో మందుల దుకాణంవాణ్ణి అడిగి కాదు.