పైలట్ చదువుకు చెరువులు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. పదెకరాల్లో రొయ్యల సాగు చేస్తున్నాను. అందులో ఆరెకరాలు సొంతం, మిగతాది లీజు. మా అబ్బాయి భీమవరంలో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు. పైలట్ అవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. డాలస్‌లో ఉండే మా బావమరిది అక్కడే ట్రైనింగ్ తీసుకుని ఏదో ఒక రీజనల్ ఎయిర్‌లైన్‌లో చేరితే ఇక తిరుగుండదంటున్నాడు. ఆ మధ్య ఆయనే పంపిన వీడియోలో యూనిఫాంలో ఉన్న పైలట్లు జీతాలు పెంచమని ఎయిర్‌పోర్టు ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. మన దేశంలోనూ 2025 డిసెంబరులో వేల విమానాలు రద్దయ్యాయి. అంత డబ్బు పోసి చదివించాక రోడ్డు మీద నిలబడాల్సి వచ్చే ఉద్యోగమా ఇది? ఆ ఆరెకరాలూ బ్యాంకులో పెట్టమంటారా, వద్దంటారా?

జవాబు: అయ్యా, ప్లకార్డుల గురించి మీరు కంగారు పడక్కర్లేదు. చెరువుల గురించి మాత్రం పడాలి. ముందు ప్లకార్డుల సంగతి చెబుతాను, ఎందుకంటే రెండోది అర్థం కావాలంటే అది తెలియాలి.

వీడియోలో మీరు చూసింది బహుశా సమ్మె కాదు. అమెరికాలో విమాన ఉద్యోగుల జీతాల బేరాలు 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్ కింద నడుస్తాయి. రైళ్ల కోసం చేసిన ఆ చట్టాన్ని 1936లో విమాన సంస్థలకూ వర్తింపజేశారు. దాని ప్రకారం యూనియన్‌కూ యాజమాన్యానికీ మధ్య ఉన్న ఒప్పందం గడువు దాటినా రద్దు కాదు. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. మాటామాటా కలవకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ మధ్యలో కూర్చుంటుంది. ఇక మా వల్ల కాదని ఆ బోర్డు చేతులెత్తేస్తేనే సమ్మె మాట. ఆ తర్వాత కూడా 30 రోజులు ఆగాలి. అప్పటికీ అధ్యక్షుడు కల్పించుకుని ఇంకొంత కాలం ఆపవచ్చు. అందుకే అక్కడ ఒక్కో ఒప్పందానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు డ్యూటీ లేని రోజున పైలట్లు యూనిఫాం వేసుకుని ప్రయాణికులకు కనపడేలా బయట నిలబడతారు. మర్నాడు మళ్లీ విమానం నడుపుతారు. ఉద్యోగం పోయి నిలబడిన వాళ్లు కారు, ఉద్యోగంలో ఉండి బేరమాడుతున్న వాళ్లు.

అయితే రీజనల్ ఎయిర్‌లైన్‌లో తిరుగుండదన్న మీ బావమరిది గారి మాట అంత తేలిగ్గా ఒప్పుకోలేను. అక్కడ రీజనల్ అంటే పెద్ద కంపెనీ కోసం చిన్న విమానాలు నడిపే కంపెనీ. టికెట్ మీద డెల్టా అనో యునైటెడ్ అనో ఉంటుంది, విమానం మీద రంగులూ వాళ్లవే ఉంటాయి, లోపల పైలట్‌కు జీతం ఇచ్చేది మాత్రం వేరే సంస్థ. ఏ రూటు ఎవరికివ్వాలో పెద్ద కంపెనీ ఇష్టం. ఒక రీజనల్ పైలట్లు ఎక్కువ అడిగితే ఆ రూట్లు ఇంకో రీజనల్‌కు వెళ్లిపోవచ్చు. యాజమాన్యం కూడా బల్ల మీద ఈ మాటే పెడుతుంది: మీరు ఒప్పుకోకపోతే పక్కవాళ్లు ఒప్పుకుంటారు. కామెయిర్ అనే రీజనల్ పైలట్లు 2001లో 89 రోజులు సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. ఆ కంపెనీ యజమాని డెల్టా. తర్వాతి ఏళ్లలో దాని విమానాలను తగ్గించుకుంటూ వచ్చి 2012లో మూసేసింది. సమ్మె వల్లే మూతపడిందని అనను. 2005లో దివాలా కేసు కూడా వచ్చింది, చిన్న జెట్లకు ఇంధన ఖర్చూ పెరిగింది. కానీ రీజనల్ పైలట్ ఎంత గట్టిగా గెలిచినా, తన కంపెనీకి పని ఇచ్చేది ఇంకొకరని మర్చిపోవడానికి వీల్లేదు.

ఇదే రీజనల్ పైలట్లకు 2022లో రోజులు తిరిగాయి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ విచారణలో పైలట్ల అలసట, తక్కువ జీతాలు, డ్యూటీ కోసం రాత్రంతా దేశం ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం చేసి రావడం అన్నీ బయటపడ్డాయి. దాంతో 2013 నుంచి అక్కడ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరాలన్నా మామూలుగా 1500 గంటల ఫ్లయింగ్ ఉండాలన్నారు. డిగ్రీలో ఏవియేషన్ చదివిన వాళ్లకు కొంత మినహాయింపు ఉంది. తర్వాత కోవిడ్‌లో పెద్ద కంపెనీలు సీనియర్లను ముందుగానే రిటైర్ చేయించాయి. విమానాలు మళ్లీ ఎగిరేసరికి పైలట్లు దొరకలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కింద పనిచేసే ఎన్వాయ్, పీడ్‌మాంట్ సంస్థలు కొత్త కో-పైలట్‌కు గంటకు 90 డాలర్లు ప్రకటించాయి. అందులో కొంత భాగం 2024 ఆగస్టు దాకా మాత్రమే ఇచ్చే అదనపు చెల్లింపు. అంటే జీతం పెరిగినప్పుడు కూడా ఎంత కాలానికి పెరిగిందో చదువుకోవాలి.

మీ అబ్బాయికి ఇదంతా వర్తించాలంటే ముందు అక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉండాలి. ట్రైనింగ్ వీసా మీద వెళ్లి లైసెన్సు తెచ్చుకోవచ్చు. కానీ గ్రీన్ కార్డు లేని వాణ్ణి రీజనల్ ఎయిర్‌లైన్ వీసా ఇచ్చి పెట్టుకోవడం దాదాపు ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు నడిచిన దారి ఇక్కడ నడవదు. ఈ ముక్క మీ బావమరిది గారిని నేరుగా అడగండి. అమెరికాలో నేర్చుకుని ఇండియాకు వచ్చి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకోవడం వేరే సంగతి. అది చాలామంది చేస్తున్నారు, తప్పేం లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. అమెరికాలో బేరం బల్ల దగ్గర జరుగుతుంది, ఇక్కడ ఎక్కువగా కోర్టులో, డీజీసీఏ ఆఫీసులో జరుగుతుంది. మీరు రాసిన డిసెంబరు గందరగోళమే చూడండి. పైలట్ల సంఘాలు అలసట మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లి పోరాడాయి. చివరకు డీజీసీఏ వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది, రాత్రి ల్యాండింగులను తగ్గించింది. ఈ నిబంధనలు కొన్ని 2025 జులైలో, మిగతావి నవంబరులో అమల్లోకి వచ్చాయి. సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో విమానాలు డిసెంబరులో కుప్పగా రద్దయ్యాయి. ఆపైన ఆ కంపెనీకి కొన్ని నిబంధనల నుంచి తాత్కాలిక మినహాయింపు కూడా దొరికింది. రోడ్డున పడింది ప్రయాణికులే కానీ పైలట్లు కారు. నిజానికి పైలట్ల గిరాకీ ఎంతుందో ఆ వారం అందరికీ తెలిసింది.

2024 ఏప్రిల్ నాటి విస్తారా ఎయిర్‌లైన్ వ్యవహారం మీకు ఇంకా బాగా పనికొస్తుంది. పైలట్ జీతంలో పెద్ద భాగం గంటల లెక్క. నెలలో ఎగిరినా ఎగరకపోయినా ఇన్ని గంటలకు జీతం ఖాయం అని ఒక అంకె ఉంటుంది. విస్తారాలో ఆ అంకె 70 గంటలు. ఎయిర్ ఇండియాలో విలీనం ముందు కొత్త కాంట్రాక్టులో దాన్ని 40 గంటలు చేశారు. గంట రేటు ఎంతైనా ఉండనీయండి, ఖాయంగా వచ్చే డబ్బు తగ్గింది. పైలట్లు పెద్ద సంఖ్యలో సిక్ లీవు పెట్టారు, విమానాలు రద్దయ్యాయి, కంపెనీ కొన్నాళ్లు సర్వీసులు తగ్గించుకుంది. 'నెలకు ఇన్ని లక్షలు' అని అకాడమీ వాళ్లు గోడ మీద అంకె వేస్తే మీరు అడగాల్సింది అందులో ఖాయం ఎంత, ఎగిరితే వచ్చేదెంత అని.

ఇంకో ముడి నోటీసు పీరియడ్. 2017లో డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం మానాలంటే కెప్టెన్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు చెప్పాలి. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది నోటీసు పూర్తి చేయకుండా వెళ్లిపోతే కంపెనీ కోర్టుకెక్కింది. దీని మీద ట్రైనింగ్ బాండ్, అంటే ఇన్నేళ్లు మానను, మానితే డబ్బు కడతాను అనే రాత కూడా ఉంటే, నచ్చకపోతే ఇంకో చోటికి పోతాను అనే మాట కుర్రాడి నోట అంత త్వరగా రాదు. సమ్మె దారి కూడా ఇరుకే. ఇప్పుడు అమల్లో ఉన్న కొత్త లేబర్ కోడ్‌లో కనీసం 14 రోజుల ముందస్తు నోటీసు లేకుండా సమ్మె చేయడానికి లేదు. పైగా కెప్టెన్ కార్మికుడా కాదా అన్న వాదన మన కోర్టుల్లో చాలా కాలంగా నలుగుతోంది.

ఇప్పుడు మీ ఆరెకరాల దగ్గరికి. మీ చెరువు మేత ఎవరు ఇస్తున్నారు? డీలర్ అప్పు మీద మేత తెచ్చుకున్న రైతు రొయ్యలు పట్టే రోజున కౌంట్ ధర (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క మీద కట్టే ధర) గురించి ఎంత బేరమాడగలడో నాకంటే మీకే బాగా తెలుసు. సరుకు ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిందే రేటు. ముప్పావు కోటి అప్పుతో ఎయిర్‌లైన్‌లో చేరే కుర్రాడి పరిస్థితి అదే. కంపెనీ 70 గంటలు 40 చేస్తే సంతకం పెట్టేస్తాడు. సీనియర్లు అందరూ కలిసి వద్దంటే తనొక్కడూ సరే అంటాడు, ఎందుకంటే ఈఎంఐ ఆగదు. వాడు ప్లకార్డు పట్టుకోవాల్సి వస్తుందేమోనని మీరు భయపడుతున్నారు. అప్పు ఎక్కువైతే ఆ ప్లకార్డు పట్టుకునే స్వేచ్ఛ కూడా వాడికి ఉండదు. నా భయం అది.

నేను అతి చెబుతున్నానని అనుకోవద్దు. లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్, ఆపైన ఫలానా రకం విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక అర్హత టైప్ రేటింగ్, అన్నీ కలిపితే ఈ రోజుల్లో చాలా చోట్ల ముప్పావు కోటి దాటుతోంది. ఎయిర్‌లైన్లతో కలిసి నడిపే కొన్ని క్యాడెట్ ప్రోగ్రాములు కోటి పైనే. లైసెన్సు వచ్చిన మర్నాడే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. వచ్చిన చోట కంపెనీ నిలబడుతుందన్న హామీ అంతకన్నా లేదు. విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013లో మొదలై 2017లో ఆగిపోయింది. రాజమండ్రి మధురపూడి నుంచి మనం ఎక్కిన ట్రూజెట్ 2022లో ఆగింది. అందులో పనిచేసిన పైలట్ల లైసెన్సులు పోలేదు, కానీ కొత్త కంపెనీలో చేరితే సీనియారిటీ వరసలో మళ్లీ చివర నిలబడాలి. మీ వైపు ఆదాయం కూడా స్థిరం కాదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య ధర ఏమైందో చూశారు కదా. అక్కడ కుర్రాడికీ, ఇక్కడ మీకూ ఒకే ఏడాది దెబ్బ తగిలితే కిస్తీ ఎవరు కడతారు?

అందుకని ఆరెకరాలూ పెట్టవద్దు. రెండెకరాల మీద వచ్చే అప్పుకు లోబడి ఏది కుదిరితే అది చూడండి. మిగతాది మీ పొదుపు, బావమరిది గారి సాయం, ఆలస్యమైనా పరవాలేదనుకునే ఓపిక. బావమరిది గారు ఇస్తానంటే అది సాయమో, చేబదులో ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి. తర్వాత మాటలు రాకుండా ఉంటుంది.

వరసగా ఏం చేయాలో కూడా చెబుతాను. ఈ వేసవిలో అబ్బాయికి డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, అది అయ్యాక క్లాస్ 1 చేయించండి. రంగులు గుర్తించడం, గుండె, చెవి అన్నీ అక్కడ తేలతాయి. కొన్ని వేలతో అయ్యే ఈ పని చేయకుండా లక్షలు అడ్వాన్సు కట్టిన వాళ్లను చూశాను, కోపం వస్తుంది. తర్వాత నావిగేషన్, మెటియోరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు ఇంటి దగ్గరుండే రాయనీయండి. అకాడమీలో చేరకముందే రెండు మూడు పేపర్లు పాసైతే వాడి పట్టుదల నిజమని మీకూ నమ్మకం కుదురుతుంది. రాయ్‌బరేలీ దగ్గరి ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, దాని ప్రవేశ పరీక్ష తప్పకుండా రాయించండి. పక్కనే దూరవిద్యలో ఒక డిగ్రీ నడవనీయండి. వాడికి విమానాల మీదే ఇష్టం, కాక్‌పిట్ తప్పనిసరి కాదు అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం గురించి మాట్లాడవచ్చు. పైలట్ తప్ప ఇంకేదీ వద్దంటే బలవంతం చేయకండి.

అబ్బాయిని కూడా ఈ సంభాషణలో కూర్చోబెట్టండి. నాన్నా అప్పు నేను కడతానులే అని వాడంటాడు. ఏ జీతంలోంచి, ఎన్నేళ్లలో, మధ్యలో ఆరు నెలలు పని లేకపోతే ఎలా అని వాడి చేతే లెక్క వేయించండి. ఒకవేళ మెడికల్‌లో ఫెయిలై విమానం దిగాల్సి వస్తే వచ్చే లైసెన్స్ ఇన్సూరెన్స్ గురించి కూడా వాడే కనుక్కోవాలి.

ఏ అకాడమీ అయినా 'ఉద్యోగం గ్యారంటీ' అంటే ఆ మాట ఒప్పందంలో ఏ పేజీలో ఉందో చూపించమనండి. బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిది, ఎయిర్‌లైన్ తీసుకోకపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారు అన్నవి రాతలో ఉండాలి. వాళ్లు ఇచ్చిన కాగితాలు సంతకం పెట్టక ముందే భీమవరంలో మీకు తెలిసిన లాయరుకు చూపించండి, ఒక కాపీ నాకూ పంపండి.